బొమ్మ మీద చెయ్యి పెట్టనివాళ్లకు సీపీఆర్ సర్టిఫికెట్ ఇవ్వకండి: రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు ఒక నర్సు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగార్లకు, ఉన్నతాధికారులకు నమస్కారం.

నేను ఎమర్జెన్సీలో పనిచేసే స్టాఫ్ నర్సుని. వీలున్నప్పుడల్లా బీఎల్ఎస్ క్లాసులు కూడా చెబుతుంటాను, అంటే గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టే సీపీఆర్ లాంటివి నేర్పే క్లాసులు. నర్సులకు, హౌస్ సర్జన్లకు, అప్పుడప్పుడు అపార్ట్‌మెంట్లలో, కాలేజీల్లో మామూలు జనానికి. మీకు టైమ్ తక్కువని తెలుసు కాబట్టి అడగాల్సింది ముందే అడిగేస్తాను. మానికిన్ మీద, అంటే మేం క్లాసులో బొమ్మ అని పిలిచే దాని మీద, రెండు నిమిషాల పాటు సరిగ్గా నొక్కి చూపించని మనిషికి మన రెండు రాష్ట్రాల్లో ఎవ్వరూ సీపీఆర్ సర్టిఫికెట్ ఇవ్వకూడదని ఉత్తర్వు ఇవ్వండి. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ల చేత మూడు నెలలకోసారైనా మళ్లీ ఆ బొమ్మ మీద నొక్కించండి. ఇంకొన్ని కూడా అడుగుతాను, కానీ ఈ రెండూ లేకపోతే మిగతావి ఎన్ని చేసినా లాభం ఉండదని నా నమ్మకం.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని నేను అనను. 2023 ఫిబ్రవరిలో పెళ్లి బరాత్‌లో డాన్స్ చేస్తూ, జిమ్‌లో వ్యాయామం చేస్తూ కుప్పకూలిపోయిన కుర్రాళ్ల వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటే ఇంటింటా ఒకటే భయం. అదే నెలలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తా దగ్గర రోడ్డు మీద పడిపోయిన మనిషికి ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్ చేసి ప్రాణం నిలబెట్టాడు. తర్వాత మార్చిలో తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. అదే ఏడాది డిసెంబర్ 6న జాతీయ వైద్య పరీక్షల బోర్డు దేశమంతా ఒకేరోజు అవగాహన కార్యక్రమం పెట్టింది, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ వారం రోజుల కార్యక్రమం చేసింది. ఇవన్నీ మంచివే. సీపీఆర్ అనే మూడక్షరాలు ఈరోజు పల్లెటూళ్లో ఆటో నడిపే అబ్బాయికి కూడా తెలుసంటే ఈ ప్రయత్నాల వల్లే.

కానీ పేరు తెలిసినంత మాత్రాన చెయ్యడం వస్తుందా? క్లాసుకి వచ్చినవాళ్లను మొదట్లోనే అడుగుతుంటాను, సీపీఆర్ చూసినవాళ్లు ఎంతమంది అని. దాదాపు అందరూ చెయ్యెత్తుతారు, వీడియోలో చూశాం మేడమ్ అంటారు. బొమ్మ ముందు కూర్చోబెట్టగానే మోచేతులు వంగిపోతాయి, చెయ్యి ఛాతీ మధ్యలో కాకుండా పొట్ట వైపు జారిపోతుంది, ఒక నిమిషం కూడా గడవకముందే ఆయాసం వచ్చేస్తుంది. ఒడ్డున కూర్చుని ఈత చూసినంత మాత్రాన ఈత రాదు కదా, ఇదీ అంతే.

పెద్దవాళ్లకు ఛాతీ 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. వినడానికి 5 సెంటీమీటర్లు ఎంతో అనిపించదు. నొక్కితే తెలుస్తుంది, ఒంటి బరువంతా భుజాల మీదుగా దింపితే గానీ ఆ లోతు రాదు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి, లేకపోతే గుండెలోకి రక్తం తిరిగి నిండదు, మనం నొక్కుతున్నా లోపల పంపడానికి ఏమీ ఉండదు. ఎంత బాగా నొక్కినా మామూలుగా గుండె పంపే రక్తంలో మూడో వంతు దాకానే పంపగలం. మెదడు బతకడానికి అదే ఆధారం. మధ్యలో ఆపామంటే గుండె రక్తనాళాల్లో అప్పటిదాకా కూడగట్టిన ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, మళ్లీ మొదలుపెట్టాక వెంటనే తిరిగి రాదు, కొన్ని నొక్కుళ్లు దానికే పోతాయి. అందుకే ఆపాల్సి వస్తే 10 సెకన్లకు మించి ఆపొద్దంటారు, అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలంటారు. ఎంత బలవంతుడైనా తనకు తెలియకుండానే లోతు తగ్గించేస్తాడు. ఇందులో ఒక్కటి కూడా స్లైడ్లు చూపిస్తే వచ్చేది కాదు.

ఇప్పుడు మా ఆసుపత్రుల సంగతి చెబుతాను, ఎందుకంటే జనానికి నేర్పే ముందు మా ఇల్లు చక్కబెట్టుకోవాలి.

ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు కావాలంటే సిబ్బందికి సీపీఆర్ శిక్షణ ఇచ్చినట్టు చూపించాలి. మంచి నిబంధన. కానీ ఇన్‌స్పెక్షన్ దగ్గరపడేసరికి చాలాచోట్ల ఏం జరుగుతుందో ఈ రంగంలో ఉన్న ఎవరినైనా అడగండి. సెమినార్ హాల్లోకి అన్ని వార్డుల వాళ్లనూ తోలేస్తారు, నైట్ డ్యూటీ దిగినవాళ్లు కూడా ఇంటికి పోకుండా వచ్చి కూర్చుంటారు, గంటన్నర ప్రెజెంటేషన్ నడుస్తుంది, ముందు టేబుల్ మీద ఒకటో రెండో బొమ్మలుంటాయి. ముందు వరసలో నలుగురైదుగురు నొక్కుతారు, వాళ్ల ఫోటోలు తీస్తారు, మిగతావాళ్లు రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్లిపోతారు. మర్నాటికి అందరి పేర్ల మీదా సర్టిఫికెట్లు ఫైల్లో ఉంటాయి. నేను పనిచేసిన ఒక చోట వాట్సాప్‌లో పేరు, తండ్రి పేరు పంపితే సర్టిఫికెట్ పీడీఎఫ్ వచ్చేసింది, హాల్లో కూర్చోవాల్సిన అవసరం కూడా లేకుండా. ఆ కాగితం ఉన్న సిస్టరే తర్వాత ఒక రాత్రి కోడ్ బ్లూలో, అంటే పేషెంట్ గుండె ఆగిందని అందరినీ పిలిచినప్పుడు, మంచం పక్కన నిలబడి వణికిపోయింది. ఆ అమ్మాయి తప్పు రవ్వంత కూడా లేదు. నేర్పినట్టు కాగితం మీద రాశారు, నేర్పలేదు.

రాత్రి రెండు గంటలప్పుడు జనరల్ వార్డులో ఒక మనిషి గుండె ఆగిందనుకోండి. మెత్తటి పరుపు మీద నొక్కితే సగం లోతు పరుపే మింగేస్తుంది, వీపు కింద పెట్టే బోర్డు ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. మంచం ఎత్తుగా ఉంటుంది, పొట్టిగా ఉన్న సిస్టర్ నిలబడటానికి స్టూల్ కావాలి, స్టూల్ ఇంకో వార్డులో ఉంటుంది. ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్ ఉంటుంది, మాస్క్ సైజు సరిపోదు. ఎమర్జెన్సీ మందులు, పరికరాలు ఉండే క్రాష్ కార్ట్ తాళం ఇన్‌చార్జి దగ్గరుంటుంది, ఆవిడ డే డ్యూటీ. పేషెంట్ తాలూకు వాళ్లు మంచం చుట్టూ ఏడుస్తుంటారు, వాళ్లను పక్కకు జరపడానికి ఒక మనిషి కావాలి. ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు ఐవీ లైన్ కోసం ఆపమంటారు, ట్యూబ్ వెయ్యడానికి ఆపమంటారు, మధ్యలో పల్స్ చూడటానికి ముగ్గురు మూడు చోట్ల చెయ్యి పెడతారు. ఎవరు ఎవరికి చెప్పాలో తెలియదు. ఇది ఏ ఒక్క ఆసుపత్రి కథా కాదు, చదువుతున్న నర్సులు, డ్యూటీ డాక్టర్లు వాళ్లవాళ్ల వార్డులే గుర్తు చేసుకుంటారు. ఒక టీమ్‌గా, అదే వార్డులో, అదే మంచం మీద, అదే క్రాష్ కార్ట్‌తో ప్రాక్టీస్ చేస్తే తప్ప ఇవి బయటపడవు. హోటల్ కాన్ఫరెన్స్ హాల్లో ఏసీఎల్ఎస్ అనే పై స్థాయి కోర్సు ఎంత గొప్పగా చేసినా మా వార్డు స్టూల్ ఎక్కడుందో ఆ కోర్సు చెప్పదు.

దీనికన్నా నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకోటుంది. నర్సు గుర్తిస్తుంది, పల్స్ లేదని ఆమెకు అర్థమైపోతుంది, అయినా చెయ్యి వెయ్యదు. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి ఆయన వచ్చేదాకా ఆగుతుంది. ఎందుకంటే ముందు తనే మొదలుపెడితే, మనిషి బతక్కపోతే, నువ్వెవరు ముట్టుకోవడానికి అని రేపు తననే నిలదీస్తారని భయం. వార్డ్ బాయ్‌కి, ఆయమ్మకి అయితే ఆ ఆలోచన కూడా రానివ్వరు. సీపీఆర్, డీఫిబ్రిలేషన్ (గుండెకు ఇచ్చే కరెంట్ షాక్) అందకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. డాక్టర్ పై అంతస్తు నుంచి దిగేసరికి మూడు నాలుగు నిమిషాలు పడితే లెక్క మీరే వేసుకోండి. అందుకే అడుగుతున్నాను, ఒక స్పష్టమైన సర్క్యులర్ ఇవ్వండి: ఆసుపత్రిలో పనిచేసే ఎవరైనా సరే, సెక్యూరిటీ గార్డుతో సహా, ఎవరి ఆర్డరూ లేకుండా కంప్రెషన్స్ (ఛాతీ నొక్కడం) మొదలుపెట్టవచ్చు, మొదలుపెట్టాలి, అందుకు వాళ్లను ఎవరూ తప్పుపట్టకూడదు. ఖర్చు లేని పని ఇది. ఒక్క కాగితం. ఆ కాగితం ప్రతి నర్సింగ్ స్టేషన్‌లో గోడకు అంటించి ఉంటే ఎంత ధైర్యం వస్తుందో మీరు ఊహించలేరు.

సర్టిఫికెట్ గడువు గురించి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ కార్డులు రెండేళ్లు చెల్లుతాయి. కార్డు రెండేళ్లుంటుంది గానీ నేర్చుకున్నది మూడు నుంచి ఆరు నెలల్లోనే జారిపోవడం మొదలవుతుందని ఎన్నో అధ్యయనాల్లో తేలింది. ఆ సంస్థే ఇప్పుడు మూడు నెలలకోసారి కొద్దిసేపు ప్రాక్టీస్ చేసే పద్ధతిని ప్రోత్సహిస్తోంది. మనకు పెద్ద సాఫ్ట్‌వేర్లు అక్కర్లేదు. ప్రతి వార్డులో, కుదరకపోతే ప్రతి అంతస్తులో ఒక బొమ్మ పెట్టండి, ఎంత లోతు నొక్కామో చూపించే క్లిక్ శబ్దమో లైటో ఉన్నది. హ్యాండోవర్ అయ్యాక డ్యూటీ ఎక్కే ఇద్దరు చెరో రెండు నిమిషాలు నొక్కి రిజిస్టర్‌లో రాస్తే చాలు. సాదా మానికిన్ ఒకటి మామూలు స్మార్ట్‌ఫోన్ ధరలో వస్తుంది. జిల్లా ఆసుపత్రికి, ఏరియా ఆసుపత్రికి, పీహెచ్‌సీకి ఇది మోయలేని ఖర్చంటే నేను నమ్మను. ప్రారంభోత్సవాల ఫ్లెక్సీలకు అంతకన్నా ఎక్కువే అవుతుంది.

ఫీజుల సంగతి కూడా చెప్పాలి. చిన్న ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌లో పనిచేసే అమ్మాయికి బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ రెండూ చెయ్యాలంటే నెల జీతంలో పెద్ద భాగమే పోతుంది. చాలా యాజమాన్యాలు ఆ డబ్బు ఇవ్వవు, ఇచ్చినా బాండ్ రాయించుకుంటాయి. గల్ఫ్‌కి వెళ్లాలనుకునే మన నర్సులకు ఆ కార్డు లేకపోతే ఫైలు కదలదు, అందుకని అప్పు చేసి కడతారు. ఆ అవసరాన్ని చూసే, క్లాసు లేకుండా కార్డు ఇప్పిస్తామనేవాళ్లు పుట్టుకొచ్చారు. అసలైన ఈ-కార్డును దాని కోడ్‌తో ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు, ఆ పని ఎంతమంది హెచ్‌ఆర్ వాళ్లు చేస్తున్నారు? నర్సింగ్ కౌన్సిళ్లు, మెడికల్ కౌన్సిళ్లు రిజిస్ట్రేషన్ రెన్యువల్ సమయంలో ఒక్కసారి ఆ కోడ్ అడిగితే సగం దొంగ కార్డులు మాయమవుతాయి. ఇంకో మాట, విదేశీ సంస్థ కార్డే కావాలన్న పట్టింపు మన రాష్ట్రాల్లో ఉద్యోగాలకు అక్కర్లేదు. మన దేశంలో ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ ఫెడరేషన్ ఉంది, బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ లాంటివే వాళ్ల బీసీఎల్ఎస్, సీసీఎల్ఎస్ కోర్సులు ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగికైనా ప్రైవేట్ నర్సుకైనా ఆ శిక్షణ ఫీజు ప్రభుత్వమో యాజమాన్యమో కట్టాలి, ఉద్యోగి జేబులోంచి పోకూడదు.

ఎంబీబీఎస్ పిల్లలకు ఫౌండేషన్ కోర్సులోనే బీఎల్ఎస్ పెట్టారు, అది బాగుంది. జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్, డీఎంఎల్‌టీ, డయాలిసిస్ టెక్నీషియన్, ఫిజియో, ఫార్మసీ పిల్లలందరికీ అదే స్థాయిలో చేతులతో చేసే పరీక్ష ఉండాలి. డయాలిసిస్ యూనిట్‌లో పేషెంట్ పడిపోతే మొదట అక్కడుండేది టెక్నీషియనే.

ఇక మామూలు జనం సంగతి. ఇది నా మనసుకు మరీ దగ్గరి విషయం, కొంచెం ఓపిగ్గా చదవండి.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చిన కేసుల మీద, అంటే ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్ల మీద, ఒక రిజిస్ట్రీ (కేసుల వివరాల నమోదు) నడిపి ఫలితాలు అంతర్జాతీయ వైద్య పత్రికలో ప్రచురించారు. ఎక్కువమంది ఇళ్లలోనే పడిపోయారని, పక్కనున్నవాళ్లు సీపీఆర్ చేసిన కేసులు చాలా చాలా తక్కువని అందులో తేలింది. మన గడ్డ మీద, మన మనుషుల గురించి తెలిసిన నిజం ఇది. రోడ్డు మీద పడిపోయే మనిషి కన్నా ఇంట్లో మంచం పక్కన, బాత్రూమ్ దగ్గర, వంటింట్లో పడిపోయేవాళ్లే ఎక్కువ. అప్పుడు పక్కనుండేది కానిస్టేబులూ కాదు, డాక్టరూ కాదు. భార్యో, కోడలో, ఇంటర్ చదివే కొడుకో. శిక్షణ వాళ్లకు చేరాలి.

వాళ్లు అప్పుడేం చేస్తారు? ముందు నీళ్లు చల్లుతారు, నోట్లో నీళ్లు పోస్తారు, ఆ నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుండె ఆగిన మొదటి క్షణాల్లో ఒళ్లు కొట్టుకోవచ్చు, అది చూసి ఫిట్స్ అనుకుని చేతిలో తాళంచెవులు పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. కొందరికి నోరు తెరిచి ఆగి ఆగి గుటకలు వేసినట్టు ఎగశ్వాస వస్తుంది, దాన్ని చూసి ఊపిరి ఆడుతోంది, పర్వాలేదు అనుకుని కాళ్లు రుద్దుతూ కూర్చుంటారు. ఎగశ్వాస అంటే ఊపిరి ఆడుతున్నట్టు కాదు, మనిషి పిలిస్తే పలకట్లేదు, ఉన్నదల్లా ఆ ఎగశ్వాసే అయితే వెంటనే నొక్కడం మొదలుపెట్టాలి. ఈ ఒక్క విషయం ప్రతి ఇంటికీ చేరితే చాలు, నన్నడిగితే మిగతా ప్రచారమంతా కలిపినా దీనికి సాటి రాదు. మీరు వేసే పోస్టర్ల మీద గుండె బొమ్మ, నాయకుల ఫోటోలు తీసేసి ఈ ఒక్క విషయం పెద్ద అక్షరాల్లో రాయించండి.

దీనికి అటువైపు ఇంకో తప్పు కూడా జరుగుతోంది. ఫోన్లలో తిరిగే కొన్ని వీడియోల్లో మనిషి కళ్లు తెరిచి ఉంటాడు, చేతులు కదుపుతుంటాడు, అయినా ఛాతీ మీద నొక్కేస్తుంటారు, కింద వేల లైకులు. ఛాతీ నొప్పితో చెమటలు పట్టి మాట్లాడుతున్న మనిషికి గుండెపోటు వచ్చి ఉండవచ్చు, అతనికి సీపీఆర్ అక్కర్లేదు, కదలనివ్వకుండా కూర్చోబెట్టి 108 పిలిచి ఈసీజీ తీసే ఆసుపత్రికి చేర్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో గుండెపోటుకు గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజక్షన్ ఉచితంగా ఇస్తున్నారు, బయట అది 40 వేల దాకా ఉంటుంది, గొప్ప పని అది. కానీ దారిలో గుండె ఆగిపోతే ఆ ఇంజక్షన్ దాకా మనిషిని తెచ్చేది కంప్రెషన్సే. పిలిస్తే పలకకపోవడం, మామూలుగా ఊపిరి తీసుకోకపోవడం, ఈ రెండూ ఉంటేనే నొక్కాలి. అధికారిక పేజీల్లో వీడియో పెట్టే ముందు దయచేసి ఒక ఎమర్జెన్సీ డాక్టర్‌కి చూపించండి.

జనానికి నేర్పేటప్పుడు నోటితో ఊపిరి ఊదడం గురించి పట్టుబట్టొద్దు. రిససిటేషన్ కౌన్సిల్ వాళ్లు 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మామూలు జనం కోసం కోల్స్ అనే పద్ధతి ఉంది, కంప్రెషన్స్ మాత్రమే చేస్తూ త్వరగా ఆసుపత్రికి చేర్చడం. పరాయి మనిషి నోటికి నోరు పెట్టాలంటే జంకి అసలు ముట్టుకోకుండా ఉండిపోయేకంటే ఇదే వెయ్యి రెట్లు నయం. కానీ నీళ్లలో మునిగినవాళ్లకు, చిన్నపిల్లలకు ఊపిరి అందించడం కూడా ముఖ్యం, కాబట్టి చెరువులు, కాలువలు, బీచ్‌ల దగ్గర పనిచేసేవాళ్లకు, గజ ఈతగాళ్లకు, అంగన్‌వాడీ టీచర్లకు పూర్తి పద్ధతి నేర్పాలి. కరెంట్ షాక్ సంగతి కూడా మరిచిపోవద్దు. 2024 మే నెలలో విజయవాడ అయ్యప్పనగర్‌లో షాక్ కొట్టి పడిపోయిన ఆరేళ్ల బాబుకి దారిన పోతున్న ఒక డాక్టరమ్మ రోడ్డు మీదే సీపీఆర్ చేసి బతికించిన వీడియో అందరం చూశాం. మన పొలాల్లో మోటార్ల దగ్గర ఎంతమంది రైతులు షాక్‌కి పోతున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు కరెంట్ ఆపడం, తర్వాత మనిషిని ముట్టుకోవడం, వెంటనే నొక్కడం. లైన్‌మన్లు, రైతు వేదికల్లో, రైతు సేవా కేంద్రాల్లో పనిచేసేవాళ్లు నేర్చుకుంటే ఊళ్లో ఒకరిద్దరికైనా ఇది తెలుస్తుంది.

108 గురించి ఒక గట్టి విన్నపం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ మన గర్వం. అందులో పనిచేసే ఈఎంటీలు (ఎమర్జెన్సీ టెక్నీషియన్లు), పైలట్లు (డ్రైవర్లు) ఎంత కష్టపడతారో నేను రోజూ చూస్తాను. కానీ ఎంత వేగంగా వచ్చినా అంబులెన్స్‌కి కొన్ని నిమిషాలు పడుతుంది, మెదడు దెబ్బతినడం మొదలవడానికి ఆ నిమిషాలే చాలు. ఫోన్ చేసిన మనిషి చేతిలో ఫోన్ ఉంది, అటువైపు శిక్షణ పొందిన మనిషి ఉన్నాడు. "ఫోన్ స్పీకర్‌లో పెట్టండమ్మా, ఆయన్ను నేల మీద పడుకోబెట్టండి, ఛాతీ మధ్యలో చెయ్యి పెట్టండి, నాతో పాటు లెక్కపెడుతూ నొక్కండి" అని తేట తెలుగులో, ప్రతి అలాంటి కాల్‌లో, తప్పకుండా చెప్పించే విధానం ఉండాలి. తెలంగాణ యాసలో, రాయలసీమ యాసలో, ఉర్దూలో, గోండిలో, సవరలో కూడా. అమెరికాలో సియాటిల్ ప్రాంతంలో ఫోన్‌లో సీపీఆర్ చెప్పించడం దశాబ్దాలుగా నడుస్తోంది. శిక్షణ పొందని మనిషి చేత కూడా ఆ క్షణంలో పని చేయించగలిగే దారి ఇదొక్కటే. ఆ కాల్స్ రికార్డింగులు నెలకోసారి విని, ఎన్ని సెకన్లలో మొదటి కంప్రెషన్ మొదలైందో చూడండి.

బడుల విషయానికొస్తే మనం కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. నార్వే 1961లోనే బడిలో పెట్టింది. డెన్మార్క్ 2005లో బడి పిల్లలకు, 2006లో డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునేవాళ్లకు తప్పనిసరి చేసింది. అక్కడ 2001లో గుండె ఆగినవాళ్లలో 21 శాతం మందికే పక్కనున్నవాళ్లు సీపీఆర్ చేస్తే, 2010 నాటికి అది 45 శాతానికి చేరింది. నెల రోజుల తర్వాత బతికున్నవాళ్లు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. శిక్షణ ఒక్కదాని వల్లే ఇదంతా అని నేననను, కానీ శిక్షణ లేకుండా మాత్రం జరిగేది కాదు. 12 ఏళ్లు దాటిన పిల్లలకు ఏడాదికి రెండు గంటలు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో మద్దతు తెలిపింది. మన జెడ్పీ హైస్కూళ్లలో, గురుకులాల్లో, కేజీబీవీల్లో ఎనిమిదో తరగతి నుంచి ఆ రెండు గంటలు దొరకవా? పిల్లలకు నేర్పితే ఇంకో లాభం కూడా ఉంది, వాళ్లు ఇంటికెళ్లి అమ్మమ్మకు, నాన్నకు దిండు మీద చేసి చూపిస్తారు. నేను ఏ స్కూల్లో చెప్పినా మరుసటి వారం టీచర్లు ఇదే మాట చెబుతారు.

ఏఈడీల గురించి, అంటే ఆగిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రాల గురించి, క్లుప్తంగా. 2021 జూన్‌లో కోపెన్‌హాగన్‌లో ఆట మధ్యలో పడిపోయిన ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్సన్ మళ్లీ మైదానంలోకి దిగాడంటే నిమిషాల్లో సీపీఆర్, షాక్ అందబట్టే. యంత్రాలు కొని బీరువాలో పెట్టి తాళం వేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. బస్టాండ్లలో, మెట్రో స్టేషన్లలో, అలిపిరి మెట్ల దారిలో, మాల్స్‌లో, పెద్ద ఫంక్షన్ హాళ్లలో కనిపించేచోట ఉండాలి, దగ్గరుండే సెక్యూరిటీ మనిషికి వాడటం రావాలి. ప్యాడ్‌లకు గడువు తేదీ ఉంటుంది, బ్యాటరీ కూడా శాశ్వతం కాదు, నెలకోసారి ఎవరు చూడాలో పేరు రాసి ఉండాలి. ఏ యంత్రం ఎక్కడుందో 108 కంప్యూటర్‌లో మ్యాప్ మీద కనిపిస్తే కాల్ చేసిన మనిషికి అక్కడే చెప్పవచ్చు.

చట్టం విషయంలో ఒక లోటు ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. ఫంక్షన్ హాల్లో గుండె ఆగి పడిపోయిన మనిషికి సీపీఆర్ చేసినవాళ్లు దాని కిందకు రారు. సరిగ్గా నొక్కితే ఒక్కోసారి పక్కటెముకలు విరుగుతాయి, అది చేతకానితనం కాదు. క్లాసుల్లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా ఇదే, "మేడమ్, పోతే మా మీదకు వస్తుందా?" అని. మంచి ఉద్దేశంతో సీపీఆర్ చేసిన ఎవరి మీదా కేసు ఉండదని, పోలీస్ స్టేషన్ చుట్టూ తిప్పరని మీరు రాతపూర్వకంగా, చట్టపరంగా చెప్పండి. ఆ ప్రశ్నకు నేను ధైర్యంగా జవాబు చెప్పగలుగుతాను.

చివరిగా లెక్కల గురించి. ఇన్ని లక్షల మందికి శిక్షణ ఇచ్చాం అనే ప్రకటనలు చదువుతుంటాం. నేను అడిగేది వేరే లెక్క. ఒక జిల్లాలో ఏడాదిలో ఆసుపత్రి బయట ఎంతమందికి గుండె ఆగింది, అంబులెన్స్ వెళ్లేసరికి వాళ్లలో ఎంతమందికి ఎవరో ఒకరు నొక్కుతూ ఉన్నారు, ఎంతమంది తమ కాళ్ల మీద నడిచి ఇంటికెళ్లారు. ఆసుపత్రి లోపల కోడ్ బ్లూ పిలిచిన దగ్గర్నుంచి మొదటి కంప్రెషన్‌కి ఎంతసేపు పట్టింది. వరంగల్‌లో ఒక రిజిస్ట్రీ నడిపి చూపించారు కాబట్టి ఇది మనవల్ల కాని పనేమీ కాదు. కనీసం రెండేసి జిల్లాల్లో మొదలుపెట్టి, ఆ అంకెలు ఎంత చేదుగా ఉన్నా ప్రతి ఏడాదీ ప్రకటించండి.

నాలాంటి ఇన్‌స్ట్రక్టర్లు రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది ఉన్నారు. ఆదివారాలు, పండగ సెలవుల్లో ఫీజు లేకుండా వచ్చి నేర్పడానికి మాలో ఎంతోమంది సిద్ధమే. పీహెచ్‌సీకి ఒక బొమ్మ, స్కూల్ కాంప్లెక్స్‌కి రెండు బొమ్మలు, హెడ్‌మాస్టర్ల పేరు మీద ఒక అనుమతి పత్రం ఇవ్వండి, మిగతాది మేం చూసుకుంటాం. ఈ బొమ్మలకు బడ్జెట్ మంజూరు చెయ్యాల్సింది ఏ అధికారో, అనుమతి కోసం మేం ఎవరిని కలవాలో చెప్పండి. వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోపు ఆ జవాబు రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఎమర్జెన్సీ స్టాఫ్ నర్సు, బీఎల్ఎస్ ఇన్‌స్ట్రక్టర్